‘వద్దు’ తెగిపోతుంది: క్వారీల్లో, బావుల్లో వాకీటాకీ వాడేవాళ్ళకు జాగ్రత్తలు

గనిలో ప్రమాదమని పేపర్లో పడిన ప్రతిసారీ ఏదో ఒక క్వారీలో వాకీటాకీలు కొనే మాట వస్తుంది. 2018 ఆగస్టులో ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో జరిగిన పేలుడునూ, 2021 మేలో కలసపాడు మండలం మామిళ్ళపల్లె దగ్గర జిలెటిన్ కడ్డీలు దించుతుండగా జరిగిన పేలుడునూ సీమలో మరిచినవాళ్ళు లేరు. ఆ రెండిటికీ వాకీటాకీతో సంబంధం లేదు. కానీ అలాంటి వార్త విన్నాక నాలుగు సెట్లు తెచ్చి చేతికిచ్చి, ‘ఇంక మాట అందుతుంది, భయం లేదు’ అనుకుంటారు చూడండి, అక్కడ ఇంకో ప్రమాదం మొదలవుతుంది. ఇప్పుడు ఎండాకాలం. జూన్ వానలు పడేలోపు బావుల పూడిక తీయాలి, గుంతలో నీళ్ళు చేరేలోపు బండ పైకి రావాలి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి, యర్రగుంట్ల, ఎక్కడైనా తొందర ఎక్కువయ్యే రోజులివే.

హెల్మెట్, బెల్టు, తాగి క్రేన్ ఎక్కకపోవడం మీకు తెలిసినవే, మళ్ళీ చెప్పను. చెప్పాల్సింది మనుషుల్ని పొట్టన పెట్టుకునే ఒక్క తప్పు గురించి. మనం చెప్పాం కాబట్టి అవతలివాడు విన్నాడనుకోవడం. ఈ మాట ఇందులో మళ్ళీ మళ్ళీ వస్తుంది, విసుక్కోకండి.

సెట్టు ఫోన్ కాదు

ఫోన్లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చు, ఒకేసారి వినొచ్చు. వాకీటాకీలో బటన్ నొక్కినంతసేపూ మీ చెవి మూతపడినట్టే. అవతల ఎవరు అరిచినా మీకు వినపడదు. మధ్యలో టవర్ లేదు, ఎక్స్‌చేంజి లేదు, మీ మాట చేరిందో లేదో చెప్పే సర్వర్ లేదు. ఒక యాంటెన్నా నుంచి బయల్దేరిన మాట ఇంకో యాంటెన్నాకు తగిలితే తగిలింది, లేకపోతే లేదు. చేరలేదని మీ సెట్టు మీకు చెప్పదు.

ఇద్దరు ఒకే క్షణంలో నొక్కారనుకోండి. మూడోవాడికి దగ్గరున్నవాడి గొంతు మాత్రమే వినపడుతుంది, లేదా గరగరమనే మోత వినపడుతుంది. నొక్కిన ఇద్దరికీ మాత్రం తాము చెప్పేశామనే నమ్మకం. ఒకడు ‘ఎత్తు’ అన్నాడు, ఇంకొకడు ‘ఆపు’ అన్నాడు. క్రేన్ మీదున్నవాడికి చేరింది ‘ఎత్తు’. ‘ఆపు’ అన్నవాడు చెప్పానన్న ధీమాతో బండ కిందికి వంగుతాడు.

ఫోన్లో వాకీటాకీ ఆప్ ఉంది కదా అనేవాళ్ళకు ఒక మాట. వాటిలో ఎక్కువ ఇంటర్నెట్ మీదే నడుస్తాయి, సిగ్నల్ లేని గుంతలో పనికిరావు. ఒకే హాట్‌స్పాట్ మీద ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా నడిచేవీ ఉన్నాయి గానీ వాటి దూరం పదుల మీటర్లే. పైగా స్క్రీన్ ఆరాక ఫోన్ ఆ ఆప్‌ను నిద్రపుచ్చొచ్చు. లారీల లెక్క చెప్పుకోవడానికి వాడుకోండి, క్రేన్‌కు వద్దు.

తెలుగులో ఉన్న చిక్కు

తెలుగులో కాదనే మాట క్రియ చివర వస్తుంది. ఎత్తొద్దు, దించొద్దు, పేల్చొద్దు. చెప్పేవాడు కంగారులో బటన్ అరక్షణం ముందు వదిలితే తెగేది ఆ చివరి ముక్కే. అవతలికి ‘ఎత్తొ’ అన్నంతవరకే చేరుతుంది. కంప్రెసర్ మోతలో అది ‘ఎత్తు’ కాక ఇంకేమవుతుంది?

ఇంకా ఘోరమైనవి ఉన్నాయి. ‘ఖాళీ కాలేదు’లో తోక తెగితే ‘ఖాళీ’. అంటే గుంతలో మనుషులు లేరని అర్థం! ‘ఇంకా పోలేదు’ తెగితే ‘ఇంకా పో’. ‘రాలేదు’ తెగితే ‘రా’. చెప్పినవాడు ఒకటి చెప్పాడు, విన్నవాడు దానికి సరిగ్గా తలకిందులైంది విన్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు.

అందుకని సెట్టులో ‘వద్దు’, ‘లేదు’, ‘కాలేదు’ అన్న మాటలతో ఆజ్ఞ ఇవ్వకండి. ఆపాలంటే ఒకే మాట: ఆపు. అదీ మూడుసార్లు, ‘ఆపు, ఆపు, ఆపు’. మూడెందుకంటే మొదటిది నొక్కేటప్పుడు తెగొచ్చు, చివరిది వదిలేటప్పుడు తెగొచ్చు, నడిమిది మిగులుతుంది. కారణం తర్వాత చెప్పండి: ‘ఆపు, ఆపు, ఆపు. గుంతలో ఇద్దరున్నారు.’ ఒడిశా నుంచో ఛత్తీస్‌గఢ్ నుంచో వచ్చిన కూలీలుంటే ఆపడానికి తెలుగు మాటా హిందీ మాటా రెండూ కలిపి వాడకండి. ఒకటే మాట అందరికీ నేర్పించండి, పొద్దున పనికి ముందు ఒక్కొక్కరితో పలికించండి.

మొదటి అక్షరం ఎందుకు తెగుతుందో తెలిస్తే జాగ్రత్త పడటం సులువు. బ్యాటరీ ఆదా కోసం చాలా సెట్లు ఖాళీగా ఉన్నప్పుడు కునుకు తీస్తుంటాయి, మధ్యమధ్య లేచి మాట వస్తోందా అని చూస్తాయి. మీ మాట వచ్చేసరికి అది కునుకులో ఉంటే మొదటి ముక్క పోయినట్టే. మెనూలో బ్యాటరీ సేవ్ ఆపేయండి, ఛార్జింగ్ త్వరగా అయిపోయినా పర్లేదు. ప్రైవసీ కోడ్ (మీ సెట్ల మాట తప్ప వేరేది స్పీకర్లో రాకుండా చేసే గుర్తు) పెట్టుకుంటే ఆ కోడ్‌ను గుర్తుపట్టి స్పీకర్ తెరవడానికీ సెట్టుకు క్షణంలో కొంత భాగం పడుతుంది. కాబట్టి నొక్కండి, మనసులో ‘ఒకటి’ అనుకోండి, అప్పుడు మాట్లాడండి. మాట అయ్యాక మళ్ళీ ‘ఒకటి’ అనుకుని వదలండి.

తిరిగి చెప్పించుకోవడం

చెప్పడం వేరు, చేరడం వేరు. చేరిందని తెలిసే దారి ఒక్కటే, విన్నవాడు ఆ మాటను తన నోటితో తిరిగి చెప్పాలి. ఇట్లా:

‘క్రేన్, క్రేన్. కింద ఓబులేసు. రెండు మీటర్లు దించు.’
‘కింద ఓబులేసు, క్రేన్. రెండు మీటర్లు దించుతున్నా.’
‘అవును, దించు.’

ఆ మూడో మాట వచ్చాకే లివర్ కదలాలి. పది సెకన్లు కూడా పట్టదు. ‘ఓకే’ జవాబు కాదు. ‘ఊఁ’ జవాబు కాదు. బటన్ రెండుసార్లు టిక్కుటిక్కుమనిపించడం అసలే కాదు. ‘ఓకే’ అన్నది ఎవరు? ఏ మాటకు అన్నాడు? ఇంకెవరో ఇంకెవరికో అన్న ‘ఓకే’ మీకే అనుకున్నారేమో!

పేరు లేని ఆజ్ఞ ఆజ్ఞ కాదు. పక్క క్వారీ వాళ్ళూ అదే రకం సెట్లు కొనుంటారు, డబ్బాలోంచి తీసిన మొదటి ఛానల్లోనే వాడుతుంటారు. వాళ్ళ మేస్త్రి అన్న ‘ఎత్తు’ మీ క్రేన్‌లో వినపడుతుంది. గొంతులు కలవడానికి మోత ఒక్కటి చాలు. ప్రైవసీ కోడ్ దీనికి పూర్తి మందు కాదు. ఆ కోడ్ పక్కవాళ్ళ మాటను మీ చెవికి రానివ్వదు, అంతే. ఛానల్ మాత్రం వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ నిండే ఉంటుంది, మీ ‘ఆపు’ అందులో పడి నలిగిపోతుంది. పక్క క్వారీవాళ్ళతో కూర్చుని ఛానళ్ళు పంచుకోండి. మీ క్రేన్‌కు ఒక ఛానల్ విడిగా ఉంచి, అందులో క్రేన్ మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడనివ్వకండి.

క్రేన్ ఆపరేటర్‌కు గుంత అడుగు కనపడనప్పుడు ఇంకో నియమం. కింద ఉన్నవాడు దూరం చెప్పాలి, ఊరికే ‘దించు’ అనకూడదు. చెప్పిన దూరంలో సగం దిగేసరికి కొత్త మాట రాకపోతే క్రేన్ ఆగాలి. నాలుగు మీటర్లన్నాడు, రెండు దిగింది, మాట రాలేదు. ఆపాలి. సెట్టు చచ్చిందో, మనిషి పడిపోయాడో, ఛానల్ ఎవరైనా పట్టేశారో పైనున్నవాడికి తెలియదు. మౌనం అంటే సరేనని కాదు. మౌనం అంటే ఆపు.

బ్యాటరీ దగ్గర ఇదే తప్పు ఇంకో వేషంలో వస్తుంది. సెట్టు వినడానికి కొంచెం కరెంటే తాగుతుంది, మాట్లాడటానికి చాలా తాగుతుంది. బ్యాటరీ చివరికొచ్చిన సెట్టులో మీ మాటలన్నీ శుభ్రంగా వినపడతాయి, జవాబు మాత్రం బయటికి రాదు. కింద ఉన్నవాడు పైనుంచి ‘ఎత్తనా?’ అన్నది విన్నాడు, ‘ఆపు’ అని గొంతు చించుకున్నాడు, పైకి చేరలేదు. పైనున్నవాడు ‘ఏమీ అన్లేదు కదా’ అని ఎత్తేశాడు. అందుకే అప్పా, జవాబు రాకపోతే చెయ్యి లివర్ మీద నుంచి తీసెయ్యాలి.

సెట్టు, ఛానల్, దూరం

డబ్బా మీద పది కిలోమీటర్లని రాసుంటుంది. అది అడ్డం లేని చోట. గుంతలో, బండల దొంతర వెనకాల నూరు మీటర్లు కూడా నమ్మకం లేదు. పొద్దున పరీక్ష ఆఫీసు గది ముందు చేయకండి, అత్యంత లోతైన మూలలో, దొంతర వెనకాల నిలబడి చేయండి. లైసెన్సు అక్కర్లేని సెట్లు నడిచే 446 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో అల పొడవు 67 సెంటీమీటర్లే. అందుకే మాట రాని చోటు నుంచి ఒకట్రెండు అడుగులు పక్కకు జరిగితే వస్తుంది. ఎంతకీ రాకపోతే గట్టు మీద ఒక మనిషిని నిలబెట్టి, మాటను అటూఇటూ అందించమనండి. ఆ మనిషి కూడా తిరిగి చెప్పాల్సిందే.

లైసెన్సు లేకుండా వాడుకోగలిగింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకున్న తక్కువ శక్తి సెట్లు, 2018 నియమాల ప్రకారం. అవీ టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉన్నవే కొనండి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే, ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకోగలిగే సెట్ల జోలికి పోకండి. పోలీసు ఛానల్లో పడితే కేసు మీదే.

ఇంక వరసగా చెప్తాను.

పాత సెట్టూ కొత్త సెట్టూ కలిపి వాడేముందు మెనూలో ఛానల్ వెడల్పు వైడ్, న్యారో రెండిట్లో ఏది పెట్టారో చూసి రెండూ ఒకటి చేయండి. తేడా ఉంటే మాట సన్నగానో చిట్లినట్టో వస్తుంది.

వీఓఎక్స్ (బటన్ నొక్కకపోయినా చప్పుడుకే సెట్టు మాట పంపే ఏర్పాటు) ఆపేయండి. కంప్రెసర్ మోతకే సెట్టు నొక్కుకుని ఛానల్‌ను పట్టేస్తుంది.

స్కాన్ (సెట్టు ఒక్కో ఛానలూ తిరిగి వెతికే ఏర్పాటు) ఆపేయండి.

టైమవుట్ పెట్టండి, అరవై సెకన్లు చాలు. జేబులో బటన్ నొక్కుకుపోతే క్వారీ మొత్తం మూగబోతుంది. టైమవుట్ ఉంటే సెట్టు తనంతట తనే వదిలేస్తుంది.

మైకు నోటికి మూడు నాలుగు వేళ్ళ దూరంలో, యాంటెన్నా నిలువుగా. గాలికి వీపు పెట్టి మాట్లాడండి. యాంటెన్నాను పట్టుకోవద్దు.

క్రేన్ క్యాబిన్ ఇనుప పెట్టె. సెట్టు సీటు కింద కాదు, కిటికీ దగ్గర.

ఎండలో డాష్‌బోర్డు మీద సెట్టు వదలొద్దు. ఉబ్బిన బ్యాటరీ పనికిరాదు, పారేయండి.

మధ్యాహ్నం భోజనం వేళ బ్యాటరీ మార్చండి. అయిపోయేదాకా ఆగొద్దు.

కేకలు, పాటలు, ఎగతాళి ఆ ఛానల్లో వద్దు.

విజిల్ మెడలో ఉండాలి. ఒక పొడవాటి ఊత అంటే ఆపు. సెట్టు చచ్చినా విజిల్ చావదు.

ఎలక్ట్రిక్ డిటొనేటర్ (కరెంటుతో మందును పేల్చే చిన్న గొట్టం) ఉన్న చోటికి సెట్టు గానీ సెల్లు గానీ తేవద్దు. ఆ తీగలే యాంటెన్నా అయి, సెట్టు అలకే డిటొనేటర్ పేలొచ్చు. ఎంత దూరమో మందు పేల్చే పని చూసే బ్లాస్టర్‌ను అడగండి, ఊహించొద్దు.

తూటాలు పేల్చే ముందు నాలుగు దిక్కులా కాపలా ఉన్న నలుగురూ, ఒక్కొక్కరు, తమ పేరు, తమ దిక్కు చెప్పాలి. ముగ్గురు చెప్పి ఒకరు చెప్పకపోతే పేలుడు లేదు. ‘వాడు విన్నాడులే’ అన్నవాణ్ణి అక్కడి నుంచి పంపించేయండి.

పేల్చమనే మాట సెట్టులో మాత్రమే వస్తే పేల్చొద్దు. జెండా కనపడాలి, సైరన్ మోగాలి.

మందు పేలని రంధ్రం ఉందేమోనని బ్లాస్టర్ చూసి వచ్చేదాకా ‘ఖాళీ’ అనే మాట ఎవరూ అనకూడదు.

బావిలోకి దిగినవాడి నడుముకు తాడు, చేతిలో సెట్టు, రెండూ ఉండాలి. సెట్టు ఉంది కదా అని తాడు తీయొద్దు.

బావిలోంచి నిమిషానికోసారి మాట రావాలి. రాకపోతే పిలవండి. రెండోసారి పిలిచినా రాకపోతే తాడు లాగండి. రెండోవాణ్ణి దించొద్దు.