పాత స్పోర్ట్స్ కారు ఎఫ్‌సీలో ఎందుకు ఆగుతుంది? సమస్య - పరిష్కారం

నెల్లూరు, ఒంగోలు వైపు పాత స్పోర్ట్స్ కార్లు తక్కువే. కానీ ఉన్నవాళ్లు వాటిని ప్రాణంగా చూసుకుంటారు. బ్రిటన్ నుంచి వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, దానికి దగ్గరి చుట్టమైన మన మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్, గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్ లాంటివి ఏవైనా సరే, సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి (ఈ ఫిట్‌నెస్ పరీక్షనే ఎఫ్‌సీ అంటాం) రెన్యువల్ చేయించుకోవాలి. చాలామంది ఆ వారం ముందు పెయింట్‌కు, పాలిష్‌కు డబ్బులు పోస్తారు. బండి ఆగేది మాత్రం కింద, ఎవరూ వంగి చూడని చోట. మనది ఉప్పుగాలి ఊరు కాబట్టి చట్టం ఐదేళ్లకోసారి అడిగినా మీరు ఏటా ఒకసారి కింద చెప్పిన పరీక్షలన్నీ చేసుకోండి.

బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు లాగుతోంది

లాగుతున్న పక్క బ్రేకు బాగానే పనిచేస్తోంది, తప్పు రెండో పక్క ఉంది. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టిన బండ్లలో వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, లేదా సీలు కారి లైనింగ్ మీద ఆయిల్ పడుతుంది. డ్రమ్ము విప్పితే తెలిసిపోతుంది. ఆయిల్ తాగిన లైనింగ్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయించుకోకండి, మార్చేయండి.

పెడల్ మీద కాలు అలాగే పెట్టి ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతోందా? బయట లీకు కనపడకపోతే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయినట్టే. పెడల్ వదిలాక కూడా చక్రం పట్టుకునే ఉంటే రబ్బరు హోసు లోపల వాచి మూసుకుపోయి ఉండొచ్చు. పైకి కొత్తదానిలా కనపడుతుంది, నమ్మొద్దు. ఆ కాలం కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే బ్రేక్ లైను. అది పోతే చేతిలో మిగిలేది హ్యాండ్‌బ్రేకే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను లాక్కుంటుంది, రెండేళ్లకోసారి మార్చాల్సిందే.

ముందు చక్రం ఆడుతోంది, స్టీరింగ్ బిగుతుగా ఉంది

దీని మీద ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

జాకీ వేసి చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. ఆట తెలిస్తే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. బ్రేక్ తొక్కగానే ఆట పోయిందంటే తప్పు బేరింగుది. విప్పి, గ్రీజు పెట్టి, సరిగ్గా బిగించుకుంటే సరిపోవచ్చు, అరిగి ఉంటే మార్చాలి. బ్రేక్ తొక్కినా ఆట అలాగే ఉంటే బాల్ జాయింటో, ట్రనియనో అరిగింది.

హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌లకు ముందు చక్రాల దగ్గర కింద ట్రనియన్ అని ఇత్తడి రంగు ముక్క ఉంటుంది. నిలువు లింకు మరలు అందులోకి దిగి, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా అందులోనే తిరుగుతాయి. దానికి వేయాల్సింది గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిల్. మన దగ్గర సర్వీసుకు ఇస్తే గ్రీజు గన్ తీసుకుని అన్నిటితో పాటు దానికీ కొట్టేస్తారు. గ్రీజు మరల లోపలికి పోదు. అక్కడ నీళ్లు నిలిచి లింకు తుప్పు పట్టి, ఒకరోజు మరల దగ్గర పుటుక్కున విరిగి చక్రం పక్కకు పడిపోతుంది. విరగబోయే ముందు కనిపించే గుర్తు ఒకటే: మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నేరుగా రాదు, బిగదీసినట్టుంటుంది.

ట్రనియన్ పైనుంచి ఆయిల్ ఊరి బయటికొచ్చేదాకా గన్‌తో ఎక్కించండి. ఇన్నాళ్లూ గ్రీజుతోనే నడిచిందని తెలిస్తే విప్పించి మరలు కళ్లతో చూడండి. తుప్పు గుంటలు కనిపిస్తే లింకు మార్చాలి, వెల్డింగ్ మాట ఎత్తొద్దు. కుడివైపు, ఎడమవైపు మరలు ఒకదానికొకటి ఎదురు తిరుగుడు. ఆ సంగతి మెకానిక్‌కు ముందే చెప్పండి. సామాన్లకు చెన్నై పుదుప్పేటలో వెతకొచ్చు కానీ, ఈ ఒక్క భాగం మాత్రం పాతది కొనకండి.

పొల్యూషన్ రీడింగ్ ఎక్కువ వస్తోంది

బీఎస్-2 పొగ నిబంధనలు రాకముందు తయారైన పాత పెట్రోలు కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్ 1500 పీపీఎం దాటకూడదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కు ఇది కష్టమేం కాదు. నల్లపొగ వస్తుంటే చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, కార్బురేటర్‌లో ఫ్లోట్ లెవెల్ ఎక్కువైందా చూడండి. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలిపొగ వచ్చి తగ్గితే వాల్వ్ సీళ్లు, ఎత్తు ఎక్కుతున్నప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. ఇంజన్ బాగా వేడెక్కాకే పరీక్షకు పెట్టండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ దానికి మెత్తబడి కారతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు ముందే వేయించుకోండి.

ఇండికేటర్ వేస్తే వెనక బ్రేక్ లైటు కూడా మినుకుమంటోంది

ఎర్త్ సరిగ్గా లేదు. బల్బు హోల్డర్ దగ్గర తుప్పు గీకి, అక్కడి నుంచి చాసిస్‌కు విడిగా ఒక నల్ల వైరు లాగండి. శాన్ స్టార్మ్‌ది ఫైబర్ బాడీ, అందులో నుంచి కరెంటు పోదు. ఆ బండికి ప్రతి లైటుకూ ఎర్త్ వైరు ఉండాల్సిందే.

తుప్పు

గుడ్డ చుట్టిన అయస్కాంతం సిల్లుల (తలుపుల కింద ఉండే రేకు పట్టీల) మీద, చక్రాల పైన పెట్టి చూడండి. పట్టుకోకపోతే కింద ఇనుము లేదు, పుట్టీ ఉంది. చాసిస్ ఔట్‌రిగ్గర్లను (బాడీని మోయడానికి చాసిస్ నుంచి పక్కలకు వచ్చే చేతులను) స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో నిలబెట్టిన బండి అయితే ఇది తప్పనిసరి. స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే అక్కడ కోసి కొత్త రేకు వేయించాలి. పైన పుట్టీ పూసి ఆ రోజు గడిపేయడం, టైర్లు అద్దెకు తెచ్చి వేసి సాయంత్రం విప్పేయడం లాంటివి దయచేసి చేయొద్దు. టైరు గాడి కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది పరీక్ష రోజుకు మాత్రమే పెట్టిన రూలు కాదు.

చాసిస్ నంబరు కనిపించడం లేదు, ఇంజన్ నంబరు సీ బుక్‌తో కలవడం లేదు

నంబరు మీద గ్రైండర్ పెట్టొద్దు. కిరోసిన్ గుడ్డతో నానబెట్టి తుడిచి, పెన్సిల్‌తో కాగితం మీద ప్రింట్ తీసి చూడండి. అప్పటికీ రాకపోతే ఆర్టీఓ అనుమతితోనే మళ్లీ పంచ్ చేయించాలి. సామాన్లు దొరక్క పాత కారులో వేరే ఇంజన్ దించినవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. సీ బుక్‌లో రాయించకపోతే అక్కడే ఆగిపోతుంది.

క్యూలో బండి ఆగిపోయింది

మే ఎండలో నెల్లూరులో అరగంట ఐడిల్‌లో ఉంటే ఫ్యూయల్ పైపులో పెట్రోలు ఆవిరై పంపు లాగలేదు. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే స్టార్ట్ అవుతుంది. అసలు పరిష్కారం వేరే ఉంది: పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరిపించి వేడి తగలని తొడుగు వేయడం, రేడియేటర్ కడిగించడం. వీలైతే పొద్దున స్లాట్ తీసుకోండి.

గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో అప్లై చేయొచ్చు. 20 ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు, దిగుమతి కారుకు 80,000. బండికి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా ఉంటే 2021 వింటేజ్ రూల్స్ కింద 'వీఏ' సిరీస్ నంబరు తీసుకోవచ్చు. దానికి పదేళ్ల గడువు ఉంటుంది, కాకపోతే రోజూ వాడుకోవడానికి కుదరదు.