బి.ఫార్మసీ మొదటి సెమిస్టర్ ల్యాబు: రీడింగ్ ఎందుకు తప్పుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఇంటర్లో ప్రాక్టికల్స్ పేరుకే చేసి, బ్యూరెట్ నాలుగైదుసార్లు కూడా పట్టుకోకుండా బి.ఫార్మసీలో చేరేవాళ్లు మన వైపు చాలామంది. నల్లగొండలో చదివినా, కోదాడలో చదివినా, మహబూబ్‌నగర్‌లో చదివినా మొదటి సెమిస్టర్ ఒకటే. ఎందుకంటే సిలబస్‌ను ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దేశమంతటికీ కలిపి ఇచ్చింది. అనాలిసిస్, ఫార్మాస్యూటిక్స్, ఇనార్గానిక్ కెమిస్ట్రీ, అనాటమీ ప్రాక్టికల్స్ ఒక్కోటి వారానికి నాలుగు గంటలు. ఒక్కో ప్రాక్టికల్‌కు 50 మార్కులు. అందులో 15 ఇంటర్నల్, 35 పరీక్ష. పాస్ కావాలంటే సగం రావాలి. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు రెమెడియల్ బయాలజీ, బైపీసీ వాళ్లకు రెమెడియల్ మ్యాథ్స్ ఉంటాయి. వాటికి భయపడక్కర్లేదు. అసలు దెబ్బ తగిలేది ల్యాబులోనే.

ముందు నీళ్ల సంగతి చూడండి. మన జిల్లాల్లో బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్ ఎక్కువ. నల్లగొండలో ఫ్లోరైడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని నల్లా కింద ఫ్లాస్క్ పెడితే ప్రయోగం అక్కడే పోతుంది. ఒక లెక్క చూడండి. కాల్షియం గ్లూకోనేట్ అస్సేలో (మందు ఎంత శాతం ఉందో తేల్చే పరీక్ష) 0.5 గ్రాముల శాంపిల్‌ను 50 మి.లీ. నీళ్లలో కరిగించి, కాల్షియంను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనం 0.05 మోలార్ ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి వదులుతూ టైట్రేట్ చేస్తాం. నీళ్ల హార్డ్‌నెస్ లీటరుకు 400 మి.గ్రా. (కాల్షియం కార్బొనేట్ లెక్కన) అనుకుందాం. ఆ 50 మి.లీ. నీళ్లలోనే 20 మి.గ్రా., అంటే 0.2 మిల్లీమోల్ ఉంటుంది. అది ఒక్కటే 4 మి.లీ. ఈడీటీఏను తినేస్తుంది. ఒక మి.లీ. ఈడీటీఏ 22.42 మి.గ్రా. కాల్షియం గ్లూకోనేట్‌కు సమానం కాబట్టి, లేని మందు దాదాపు 90 మి.గ్రా. ఉన్నట్టు లెక్క వస్తుంది. 0.5 గ్రాముల శాంపిల్‌లో అది 18 శాతం తప్పు. శాంపిల్ స్వచ్ఛమైనదైనా ఫలితం 118 శాతం వస్తుంది. అప్పుడు బ్యూరెట్‌ను అనుమానించి లాభం లేదు.

అందుకే ల్యాబులోకి వెళ్లగానే పరీక్షనాళికలో 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, రెండు చుక్కల విలీన నైట్రిక్ యాసిడ్, నాలుగు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. తెల్లగా మసకబారితే ఆ సీసాలో నీళ్లు డిస్టిల్డ్ కావు, క్లోరైడ్ ఉంది. రెండు నిమిషాల పని, కానీ మూడు గంటల శ్రమను కాపాడుతుంది. ముఖ్యంగా క్లోరైడ్ లిమిట్ టెస్ట్ (మందులో క్లోరైడ్ మలినం హద్దు దాటిందా అని చూసే పరీక్ష) రోజున తప్పకుండా చేయాలి. ఆ రోజు నెస్లర్ సిలిండర్ (మసకను పోల్చి చూసే గాజు గొట్టం) కడగడానికి కూడా ఇలా మసకబారని నీళ్లే వాడండి.

కాల్షియం గ్లూకోనేట్ దగ్గరే ఇంకో పొరపాటు జరుగుతుంది. ఎండ్‌పాయింట్ (రంగు మారి టైట్రేషన్ ముగిసే ఘట్టం) స్పష్టంగా కనపడడానికి 5 మి.లీ. 0.05 మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ కలుపుతాం. రంగు మార్పు చూపే ఇండికేటర్ ఎరియోక్రోమ్ బ్లాక్ టి కాల్షియంతో గట్టిగా అంటుకోదు, మెగ్నీషియంతోనే గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఈ ఏర్పాటు. ఆఖరి రీడింగ్ నుంచి ఆ 5 మి.లీ. తీసేయడం మరిచిపోతే 112 మి.గ్రా. ఎక్కువ చూపిస్తుంది. వైవాలో ఈ ప్రశ్న తరచూ వస్తుంది: మెగ్నీషియం ఎందుకు వేశావు, దాన్ని ఎక్కడ తీసేశావు?

సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం విషయంలో మొదటి రోజే ఒక మాట మనసులో పెట్టుకోండి. 4 గ్రాములు తూచి లీటరు చేస్తే అది 0.1 నార్మల్ కాదు. దాదాపు 0.1, అంతే. గుళికలు గాలిలోని తేమను, కార్బన్ డై ఆక్సైడ్‌ను తాగుతూనే ఉంటాయి. పేపర్ మీద తూచకండి, వాచ్‌గ్లాస్ మీదగానీ బీకర్లోగానీ త్వరగా తూచండి. అసలు బలం ఎంతో పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో స్టాండర్డైజ్ చేసి, అంటే ఖచ్చితంగా తూచిన స్వచ్ఛమైన పదార్థంతో టైట్రేట్ చేసి తెలుసుకోవాలి. ఆ పొడి సుమారు 0.5 గ్రాములు ఖచ్చితంగా తూచి, మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్ 75 మి.లీ.లో కరిగించి, ఫినాఫ్తలీన్ వేసి టైట్రేట్ చేయండి. మరిగించేది నీళ్లలోని కార్బన్ డై ఆక్సైడ్ పోవడానికి. ఉదాహరణకు పొడి 0.5106 గ్రా., బ్యూరెట్ రీడింగ్ 24.6 మి.లీ. అయితే:

నార్మాలిటీ = 510.6 ÷ (204.22 × 24.6) = 0.1016

పొడి బరువు మి.గ్రా.లో పెట్టామని గమనించండి. ఇక్కడ గ్రాములు వేసి, ఎక్కడో ఒక వెయ్యి మర్చిపోయి, 0.0001 వచ్చిందని కంగారుపడడం మామూలే. ఇక లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే చాలు. ఆ తర్వాత వెలిసిపోతే గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ వల్ల వెలిసింది. మళ్లీ ఒక చుక్క వేస్తూ కూర్చోకండి. ముదురు గులాబీ వచ్చిందంటే మీరు దాటిపోయారు.

సల్ఫ్యూరిక్ యాసిడ్ 0.1 నార్మల్ కావాలంటే గాఢ యాసిడ్ సుమారు 3 మి.లీ.ను లీటరు నీళ్లలోకి మెల్లగా, కలుపుతూ వేయాలి. యాసిడ్‌లోకి నీళ్లు పోయకండి. పైన పడ్డ నీళ్లు ఒక్కసారిగా మరిగి, యాసిడ్ ముఖం మీదికి చిందుతుంది.

పొటాషియం పర్మాంగనేట్ మొండిది. 3.2 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి వాటర్‌బాత్ మీద గంట వేడిచేసి, రెండు రోజులు నిలవబెట్టి, గాజు ఊలు గుండా వడగట్టాలి. ఫిల్టర్ పేపర్ వాడితే పర్మాంగనేట్ దానితోనే చర్య జరుపుతుంది. సోడియం ఆక్సలేట్‌తో స్టాండర్డైజ్ చేసేటప్పుడు ద్రావణం 70 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లారితే రంగు పోవడం ఆలస్యమై, ఎండ్‌పాయింట్ వచ్చేసిందని మోసపోతారు. మరీ మరిగిస్తే ఆక్సాలిక్ ఆమ్లమే విడిపోతుంది. గోధుమరంగు మడ్డి కనిపిస్తే విలీన సల్ఫ్యూరిక్ యాసిడ్ తక్కువ వేశారని, లేదా పర్మాంగనేట్‌ను గబగబా వదిలారని అర్థం. హైడ్రోక్లోరిక్ యాసిడ్ వాడొద్దు, పర్మాంగనేట్ దాన్ని క్లోరిన్‌గా మార్చేస్తుంది. ముదురు రంగు ద్రావణంలో కింది వంపు కనపడదు కాబట్టి పై అంచు దగ్గర రీడింగ్ తీయాలి. మొదలూ చివరా ఒకే చోట తీస్తే తేడా ఉండదు.

ఏ టైట్రేషన్‌కైనా ఇవి మరవొద్దు. బ్యూరెట్‌ను, పిపెట్‌ను వాటిలో పోయబోయే ద్రావణంతోనే ఒకసారి కడగాలి, కొనికల్ ఫ్లాస్క్‌ను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే. ఫ్లాస్క్‌ను ద్రావణంతో కడిగితే గోడలకు అంటిన మందు లెక్కకు మించి చేరుతుంది. బ్యూరెట్ మీది గరాటు తీసేశాకే రీడింగ్ తీయండి, అది ఒక చుక్క వదిలితే 0.05 మి.లీ. పోయినట్టే. కొసన గాలి బుడగ ఉంటే అది వెళ్లిపోయేదాకా ధార వదలండి. మూడు రీడింగులు 0.1 మి.లీ. తేడాలో ఉండాలి. ఉన్నట్టు రాయడం కాదు, నిజంగా ఉండాలి.

ఫార్మాస్యూటిక్స్ ల్యాబులో ఎక్కువమందిని ఏడిపించేది ఎమల్షన్, అంటే నూనెనూ నీళ్లనూ విడిపోకుండా కలిపిన మందు. పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదంతోనే ఉదాహరణ చూద్దాం. నూనె, నీళ్లు, అకేషియా గమ్ (తుమ్మజాతి జిగురు పొడి) నిష్పత్తి ఆముదం లాంటి ఫిక్స్‌డ్ ఆయిల్‌కు 4:2:1, లిక్విడ్ పారఫిన్‌కు 3:2:1, వోలటైల్ ఆయిల్‌కు (ఆవిరైపోయే సుగంధ నూనె) 2:2:1. అంటే ఆముదం 16 మి.లీ.కి నీళ్లు 8 మి.లీ., గమ్ 4 గ్రాములు. ఇది ప్రైమరీ ఎమల్షన్‌కు (మొదట చేసే చిక్కటి ఎమల్షన్) మాత్రమే. మిగతా నీళ్లు తర్వాత కలిపి 50 మి.లీ. చేస్తారు.

పింగాణీ కల్వం కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టండి. గాజు కల్వం నున్నగా ఉంటుంది, నూనె చిన్న బిందువులుగా చిట్లదు. పొడి కల్వంలో నూనె పోసి, దానిపై గమ్ చల్లి, ఉండలు లేకుండా ఒక్క నిమిషం మెల్లగా కలపండి. ఎక్కువసేపు రుద్దకండి. ముందే కొలిచిపెట్టుకున్న 8 మి.లీ. నీళ్లు మొత్తం ఒక్కసారే పోసి, ఒకే వైపు, ఆపకుండా, వేగంగా నూరండి. రెండు మూడు నిమిషాల్లో మిశ్రమం తెల్లబడి చిక్కబడుతుంది. కల్వం అడుగున చప్పుడు మారి టకటకమంటుంది. అదే ప్రైమరీ ఎమల్షన్. తర్వాత నీళ్లు కొంచెం కొంచెంగా కలపాలి.

చెడిపోవడానికి కారణాలు నాలుగైదే. కల్వం తడిగా ఉంటే గమ్ ముందే నీళ్లు పీల్చి ముద్దవుతుంది. నీళ్లు చుక్కచుక్కగా పోస్తే నూనెలో నీళ్లుగా తిరగబడుతుంది. నూనె కొలిచిన జారులోనే నీళ్లు కొలిస్తే రెండు కొలతలూ తప్పుతాయి. ఆముదం జారుకు అంటుకుంటుంది కాబట్టి ఒంపి కాసేపు పట్టుకుని ఉండాలి. మధ్యలో ఆపితే బిందువులు మళ్లీ కలిసిపోతాయి. ఒకసారి పగిలిన ప్రైమరీని నూరి బాగుచేద్దామని అరగంట పోగొట్టుకోకండి. అది తీసిపారేసి, కల్వం ఆరబెట్టి మళ్లీ మొదలుపెడితే పది నిమిషాల్లో అయిపోతుంది. వచ్చింది సరైనదేనా చూడాలంటే ఒక చుక్క నీళ్లలో వేయండి. పాలలా విడిపోతే నీళ్లలో నూనె. పైన తేలితే తిరగబడింది.

సపోజిటరీలను (మలద్వారంలో పెట్టే, ఒంటి వేడికి కరిగే మందు) వేసవిలో చేస్తే మన ఎండే పెద్ద ఆటంకం. కాకో బటర్ 30 నుంచి 36 డిగ్రీల మధ్య కరుగుతుంది. మధ్యాహ్నం ల్యాబు గదే అంత వేడిగా ఉంటుంది. అందుకే అచ్చును ముందుగా ఐస్ మీద పెట్టండి, బేస్‌ను (మందును మోసే కాకో బటర్‌ను) మూడొంతుల్లో రెండొంతులు కరిగాక దింపి కలుపుతూ మిగతాది కరగనివ్వండి. బాగా వేడిచేస్తే అది తక్కువ వేడికే కరిగే రూపంలోకి మారుతుంది, గది వేడిలో సరిగ్గా గడ్డకట్టదు. కాకో బటర్‌కు అచ్చు లోపల సబ్బు ద్రావణం రాయాలి, గ్లిసరిన్-జెలటిన్‌కు నూనె. లెక్క కూడా ఉంది. 1 గ్రాము అచ్చులో ఒక్కోదాంట్లో 0.3 గ్రా. జింక్ ఆక్సైడ్ ఉన్న 6 సపోజిటరీలు కావాలంటే, కల్వానికి అంటేది పోగా సరిపోవడానికి 8కి లెక్కేయండి. మందు 2.4 గ్రా. డిస్‌ప్లేస్‌మెంట్ వాల్యూ (ఒక గ్రాము బేస్ చోటును ఎన్ని గ్రాముల మందు ఆక్రమిస్తుందో ఆ అంకె) 5 అనుకుంటే బేస్ 8 − (2.4 ÷ 5) = 7.52 గ్రా.

అనాటమీ ప్రాక్టికల్స్ గురించి క్లుప్తంగా. లాన్సెట్ (వేలు గుచ్చే సూది) ఒకరికి ఒకటే, ఒక్కసారే. రక్తం పిపెట్‌లో 0.5 గీత వరకు తీసి, తెల్లకణాలకైతే 11 వరకు, ఎర్రకణాలకైతే 101 వరకు డైల్యూటింగ్ ఫ్లూయిడ్ పీల్చాలి. మొదటిది 20 రెట్లు, రెండోది 200 రెట్లు పలచబడుతుంది. బుడగ వస్తే సర్దుకోకుండా మళ్లీ మొదలుపెట్టండి.

రికార్డు రాసే పద్ధతి మొదటి నెలలోనే అలవాటు కావాలి. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ వైపు బల్క్‌డ్రగ్ కంపెనీల్లోనో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) ఉద్యోగానికి వెళ్తే మొదట నేర్పేది ఇదే. రీడింగ్ కనబడగానే పెన్నుతో అబ్జర్వేషన్ బుక్‌లో రాయాలి. అరచేతి మీదా, చిత్తుకాగితం మీదా వద్దు. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకండి. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, సంతకం, తేదీ పెట్టండి. కొట్టేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి. పరీక్షలోనూ అంతే. టైట్రేషన్ వస్తే ముందు పదిహేను నిమిషాల్లో సూత్రం, తుల్యభారం (ఈక్వివలెంట్ వెయిట్), ఎదురుచూసే రీడింగ్ లెక్కేసి పెట్టుకోండి. 24 మి.లీ. దగ్గర రావాలని తెలిస్తే, 20 వరకు ధారగా వదిలి, తర్వాత చుక్కచుక్కగా వెళ్లొచ్చు. మొదటి రీడింగ్ 31 వస్తే, వెంటనే రెండోది మొదలుపెట్టే ముందు ఆగి, తూకం చీటీనీ నీళ్ల సీసానూ మళ్లీ చూడండి.