ఆడిటర్ పరీక్షకు ఇంటి చదువు – 4వ పాఠం: నాన్‌కన్ఫార్మిటీ (నియమం తప్పిన చోటు) రాయడం

ముందు పోయిన పాఠం ప్రశ్న, కొనేవాళ్లు చేయించే ఆడిట్ ఏ రకం అన్నదానికి జవాబు. భీమవరం రొయ్యల ప్లాంటుకి అమెరికాలో కొనేవాళ్లు తమ మనిషిని పంపి ఆడిట్ చేయిస్తే అది సెకండ్ పార్టీ ఆడిట్. బయటివాడు కదా అని థర్డ్ పార్టీ అనేశారా? చాలామంది అక్కడే మార్కు పోగొట్టుకుంటారు. కొనేవాడికీ అమ్మేవాడికీ సంబంధం లేని సంస్థ వస్తేనే థర్డ్ పార్టీ.

ఇక ఈ వారం పని. నా మొదటి ఇంటర్నల్ ఆడిట్ (సంస్థ తన పనిని తానే చూసుకునే ఆడిట్) అలాంటి ప్లాంటులోనే. కోల్డ్ స్టోరేజీ తలుపు పక్కన థర్మామీటర్ మైనస్ 19 చూపిస్తోంది. దాని కింద స్టిక్కర్ మంచుకి సగం ఊడిపోయింది. వేలితో తుడిచి చూస్తే క్యాలిబ్రేషన్ (సరిగ్గా చూపిస్తోందా అని సరిచూడటం) గడువు దాటి రెండు నెలలు. దొరికింది కదా అని రిపోర్టులో "క్యాలిబ్రేషన్ సరిగ్గా లేదు" అని రాసేశాను. మా లీడ్ ఆడిటర్ గారు చదివి, "సరిగ్గా లేదని ఎవరన్నారండీ, మీరా, స్టాండర్డా?" అన్నారు. ఆ వాక్యం ఆయన చేత్తో మళ్లీ ఇలా రాశారు (ఐఎస్ఓ 9001 అంటే నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ స్టాండర్డ్, క్లాజు అంటే అందులో ఒక నిబంధన):

"ప్లాంటు పద్ధతి ప్రకారం కోల్డ్ స్టోరేజీ థర్మామీటర్లను ఏడాదికోసారి క్యాలిబ్రేట్ చేయాలి. రెండో గదిలోని 7వ నంబరు థర్మామీటర్ గడువు జూన్ 10న ముగిసింది. ఆగస్టు 12 ఉదయం 6 గంటల రీడింగ్ దానితోనే తీసి లాగ్ బుక్‌లో రాశారు. ఇది ఐఎస్ఓ 9001:2015 క్లాజు 7.1.5.2కి విరుద్ధం."

ఏం చేయాలి, ఏం దొరికింది, ఎక్కడ తప్పింది. అంతే. ఎవరి పేరూ లేదు, "నిర్లక్ష్యం" లేదు, ఎలా దిద్దుకోవాలో సలహా అసలే లేదు.

పరీక్షలో వల ఇక్కడ వేస్తారు: గడువు దాటింది కాబట్టి సరుకంతా పారెయ్యాలా? అక్కర్లేదు. గడువు దాటడం వేరు, తప్పు చూపించడం వేరు. ముందు క్యాలిబ్రేట్ చేయించాలి. తేడా తేలితే అప్పుడు పాత రీడింగులను నమ్మొచ్చా అని వెనక్కి వెళ్లి చూడాలి. ఇది కూడా అదే క్లాజులో ఉంది, చాలామంది అంతదాకా చదవరు.

నాన్‌కన్ఫార్మిటీ మేజరా (పెద్దదా), మైనరా (చిన్నదా) అన్న మాట 9001లో వెతక్కండి, దొరకదు. అది సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల కోసం ఉన్న ఐఎస్ఓ 17021-1లో ఉంది. పన్నెండింటిలో ఒక్క థర్మామీటరయితే మైనర్ అంటాం. పన్నెండూ అలాగే ఉంటే మేజర్ అనడానికి నేను వెనకాడను.

ఏఎస్‌క్యూ (అమెరికాలోని నాణ్యత నిపుణుల సంఘం) వాళ్ల సీక్యూఏ (సర్టిఫైడ్ క్వాలిటీ ఆడిటర్) ఓపెన్ బుక్ పరీక్షే కదా అని ధీమాగా ఉండకండి. కంప్యూటర్ మీద 165 ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా రావు. పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే టైము అయిపోతుంది.

ఇంటి పని: తణుకు దగ్గర ఒక రైస్ మిల్లు అనుకోండి. మీరు వెళ్లింది ఉదయం 11కి. తేమ రిజిస్టరులో సాయంత్రం 4 గంటల రీడింగ్ అప్పటికే రాసి ఉంది. మూడు వాక్యాల్లో నాన్‌కన్ఫార్మిటీ రాయండి. 9001లో 7.5 (రికార్డులు, పత్రాలు) కింద రాస్తారా, 8.6 (సరుకు విడుదల) కిందా? వచ్చే పాఠం దీనితోనే మొదలుపెడదాం.