పింగ్ పాఠాలు – 4: తగ్గేదెంత, తగ్గనిదెంత

పోయిన పాఠంలో పింగ్ కొట్టి, అంటే అవతలి కంప్యూటరుకు చిన్న సందేశం పంపి, అది పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్ల అంకెలు చదవడం నేర్చుకున్నాం. ఆ అంకెలో మనం తగ్గించుకోగలిగిన భాగం ఒకటి, ఎవరి తరమూ కాని భాగం ఒకటి ఉంటాయి. ఆన్‌లైన్ ఆటలాడేవాళ్లు రెండోదాని సంగతి ముందు తేల్చుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది.

శూన్యంలో కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఫైబర్ గాజులో సుమారు 2 లక్షలే, అంటే మిల్లీసెకనుకు 200 కి.మీ. పింగ్‌లో పోనూ రానూ రెండూ ఉంటాయి కాబట్టి ప్రతి 100 కి.మీ. దూరానికి ఒక మిల్లీసెకను ఖర్చు. ఈ ఒక్క లెక్క నోటికి వచ్చేస్తే చాలు.

మన నెల్లూరు నుంచి ముంబైకి సూటిగా గీత గీస్తే సుమారు 900 కి.మీ., కనీసం 9 మి.సె. కేబుల్ అలా సూటిగా పోదు. చెన్నై మీదుగానో హైదరాబాద్ మీదుగానో చుట్టు తిరిగి పోతుంది, దారిలో ప్రతి రూటరూ తన వంతు కాస్త ఆపుతుంది. అందుకే ముంబైలో ఆటను నడిపే కంప్యూటరుకు, అంటే సర్వరుకు, 30, 40 చూపిస్తే కంగారు పడక్కర్లేదు. సింగపూర్ సంగతి వేరు. 2002లో వేసిన ఐ2ఐ కేబుల్ చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 3,200 కి.మీ. పోయి సింగపూర్ చేరుతుంది. మన ఊరి నుంచి చెన్నై దాకా ఉన్న దూరం కూడా కలిపితే కాంతి ప్రయాణానికే 33, 34 మి.సె. అయిపోతుంది. దాన్ని అంతకంటే కిందికి దించే 'గేమింగ్ రూటరు' ఏ షాపులోనూ దొరకదు.

నవాబుపేటలో మీరు, పక్క వీధిలో మీ స్నేహితుడు ఆడుతున్నా, సర్వరు ముంబైలో ఉంటే ఇద్దరి ప్యాకెట్లూ (డేటా ముక్కలు) ముంబై పోయి రావాల్సిందే.

"అన్నా, ప్లాను పెంచితే పింగ్ తగ్గుద్దా?" అని కేబుల్ అతన్ని అడిగి చూడండి. "ఎందుకు తగ్గదు, 300 ఎంబీపీఎస్ వేసుకో" అంటాడు. ఖాళీ లైన్లో తగ్గదు. షూటింగ్ ఆటకు ఒక ఎంబీపీఎస్ కూడా పూర్తిగా అక్కర్లేదు.

మరి ఆట మధ్యలో పింగ్ ఒక్కసారిగా ఎందుకు ఎగురుతుంది? చాలా ఇళ్లలో దీనికి కారణం దూరం కాదు, క్యూ. ఇంట్లో అక్క పెళ్లి వీడియోని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టిందనుకోండి. పింగ్ కిటికీలో అంకెలు ఇలా మారతాయి: 39, 41, 40, 212, 530, 820. మీ అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. ఫోను అంతకంటే వేగంగా రూటరులోకి తోస్తుంది, మిగిలినదంతా రూటరు తన మెమరీలో దాచుకుంటుంది. అక్కడ 1 మెగాబైటు పేరుకుందంటే 8 మెగాబిట్లు. 10 ఎంబీపీఎస్ లైన్లో అది ఖాళీ కావడానికి 0.8 సెకను, అంటే 800 మి.సె. పడుతుంది. మీ తుపాకీ గుండు తాలూకు చిన్న ప్యాకెట్ ఆ వెనకాలే నిలబడాలి. వెంకటాచలం టోల్‌గేట్ దగ్గర లారీల వెనక ఇరుక్కున్న బైకు పరిస్థితి దానిది.

మెమరీ ఎక్కువుంటే మంచిదేగా అని రూటర్లు చేసేవాళ్లు అనుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. దీనికి 2012లో క్యాథ్లీన్ నికొల్స్, వాన్ జేకబ్సన్ 'కోడెల్' అనే పద్ధతి చెప్పారు. క్యూ పొడవుతో దానికి పని లేదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. ఆ నిరీక్షణ 100 మి.సె. పాటు 5 మి.సె. కిందికి దిగకపోతే కొన్ని ప్యాకెట్లను పారేస్తుంది. అది గమనించి పంపేవైపు వేగం తగ్గుతుంది.

రూటరు సెట్టింగుల్లో 'ఎస్‌క్యూఎం' (ఇలా క్యూను అదుపులో పెట్టే సదుపాయం) అని ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని నిజంగా వచ్చే వేగంలో 85–90 శాతానికి పెట్టండి. 10 వస్తుంటే 9. ఆ కాస్త వేగం వదులుకుంటేనే క్యూ మీ చేతిలో ఉండే చోట కడుతుంది. కనెక్షన్‌తో పాటు ఇచ్చే పెట్టెల్లో ఈ సదుపాయం చాలావాటికి ఉండదు. అలాంటప్పుడు అప్‌లోడ్లు ఆట అయ్యాక పెట్టుకోమని ఇంట్లో ఒప్పించడమే మార్గం.

సర్వరు వైపు ఆలస్యం మన చేతిలో లేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వాలరెంట్ అనే షూటింగ్ ఆట సర్వరు ఎవరు ఎక్కడున్నారో, ఏం చేశారో సెకనుకు 128 సార్లు లెక్క కడుతుంది, అంటే 7.8 మి.సె.కు ఒకసారి. కౌంటర్-స్ట్రైక్ 2 అయితే 64 సార్లు. గోడ చాటుకు వచ్చేశాక కూడా చచ్చిపోయామని గొడవ పడుతుంటాం కదా, అక్కడ మోసమేమీ లేదు. కాల్చినవాడి తెరమీద ఆ క్షణాన మీరు ఇంకా బయటే ఉన్నారు. సర్వరు కాలాన్ని అంత వెనక్కి తిప్పి, వాడు చూసినదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. పింగ్ ఎక్కువున్నవాడికి న్యాయం చేయబోతే తక్కువున్నవాడికి నష్టం. అయినా నా ఉద్దేశంలో ఇలా కాలాన్ని వెనక్కి తిప్పడం లేని ఆట ఇంకా ఘోరంగా ఉంటుంది.

అభ్యాసం: విండోస్ కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' కొడితే డీఫాల్ట్ గేట్‌వే అంకె, అంటే మీ రూటరు చిరునామా, కనిపిస్తుంది, చాలా ఇళ్లలో 192.168.1.1. పింగ్, స్పేస్, హైఫన్, ఎన్, స్పేస్, 100, స్పేస్, ఆ అంకె కొట్టండి. ఒకసారి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ఇంకోసారి పెద్ద వీడియో ఎక్కుతున్నప్పుడు చేయండి. రెండుసార్లూ ఆటలో కనిపించే పింగ్‌ను కూడా పక్కన రాసుకోండి. చాలా గేమ్ సర్వర్లు మామూలు పింగ్‌కు జవాబివ్వవు, అందుకే ఆ అంకెను ఆటలోంచే తీసుకోమంటున్నాను. ఎవరూ ఏమీ ఎక్కించనప్పుడు కూడా రూటరు దాకా వెళ్లే పింగే 2 నుంచి 90 దాకా ఊగుతుంటే గొడవ మీ వైఫైలో ఉంది. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, అయిదో పాఠం దానితోనే మొదలుపెడదాం.