రోజంతా మాట్లాడే గొంతుతో సంగీత సాధన ఎలా చేయాలి

నేను నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక చీరల కొట్లో పనిచేస్తాను. "ఇటు రండమ్మా, ఈ అంచు చూడండి" అంటూ పొద్దున్నుంచి రాత్రి దాకా గొంతు ఆడుతూనే ఉంటుంది. కొట్టు మూసి ఇంటికొచ్చాక ఆ గొంతుతో పాడకూడదు. అందుకే నా సాధన తెల్లవారుజామున, టీ కూడా తాగకముందే. టీచర్లు, కండక్టర్లు, ఇంకా నాలాగా మాట మీద బతికే వాళ్లెవరైనా ఇలా మొదలుపెట్టవచ్చు.

ముందు మీ శ్రుతి, అంటే మీ గొంతుకు సరిపోయే 'స' ఎక్కడుందో తేల్చుకోండి. సినిమా పాట ఏ శ్రుతిలో ఉంటే అందులోనే పాడబోయి గొంతు చించుకునేవాళ్లే ఎక్కువ. మీ షడ్జం (స) నుంచి కిందికి దిగితే మంద్ర పంచమం (కింది స్థాయి ప) స్పష్టంగా పలకాలి, పైకి వెళితే తారస్థాయి గాంధారం (పై స్థాయి గ) అరవకుండా అందాలి. రెండూ కుదిరిన చోటే మీ శ్రుతి. మామూలుగా హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర దగ్గర, ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర దగ్గర కుదురుతుంది. పక్కింటివాళ్ల శ్రుతితో మనకు పనిలేదు.

ఫోన్లో తంబురా యాప్ పెట్టుకుని, రెండు నిమిషాలు ఊరికే వినండి. తర్వాత అకారంలో, అంటే 'ఆ' అంటూ, షడ్జం పట్టండి. ఊపిరి ఇంకా కాస్త మిగిలి ఉండగానే ఆపేయాలి, చివరిదాకా పిండకూడదు. స్వరం ఒక వెంట్రుకవాసి తప్పినా తంబురాకీ మీ గొంతుకీ మధ్య ఒక ఊపు వినిపిస్తుంది. గొంతును కొద్దికొద్దిగా సర్దుతూ పోతే ఆ ఊపు నెమ్మదించి, ఒకచోట పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు మీ గొంతు మీకే విడిగా వినపడదు. నాకు సంగీతంలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. ఊపిరి నిదానంగా వదిలేటప్పుడు గుండె వేగం కూడా కాస్త తగ్గుతుంది కాబట్టి, నెలాఖరు లెక్కల టెన్షన్‌లో ఉన్న రోజున కూడా ఈ ఒక్క షడ్జంతో నా భుజాలు వదులవుతాయి.

ఆ తర్వాతే సరళీ వరుసలు, అంటే స రి గ మ లతో నేర్పే తొలి పాఠాలు. మాయామాళవగౌళ రాగంలో, ఆది తాళం వేస్తూ, మొదటి కాలంలోనే, అంటే నెమ్మది వేగంలోనే పాడండి. రెండో కాలం, మూడో కాలం కోసం తొందరపడితే రిషభం (రి) జారిపోతుంది. ఈ రాగంలో అది శుద్ధ రిషభం, షడ్జాన్ని ఆనుకునే ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని తెలియకుండానే పైకి లాగేస్తారు. స-రి, రి-స అని ఆ రెంటి మధ్యే తిరగండి. విసుగనిపించినా వదలొద్దు.

వినడం కూడా సాధనే. మన నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి అబ్బాయి బాలు గారి పాట ఏదైనా ఒకటి తీసుకోండి. ఒకసారి మాటలు వదిలేసి, ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నారో మాత్రమే వినండి. ఇంకోసారి పంక్తి చివరి అక్షరాన్ని ఎలా వదిలారో చూడండి. పని చేసుకుంటూ కాదు, కూర్చుని వినాలి.

పండగ సీజన్లో గొంతు బొంగురుపోతే ఆ పూట పాడకండి, గుసగుసగా కూడా వద్దు. గోరువెచ్చని నీళ్లు తాగి, తంబురా పెట్టుకుని, తొడమీద తాళం వేస్తూ వరుసలు మనసులో నడిపించండి. గొంతు తేరుకున్నాక మళ్లీ షడ్జం నుంచే మొదలుపెట్టాలి. బొంగురు వారాల తరబడి తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోండి.