బూయీ కత్తితో ఇంట్లో, తోటలో, క్యాంపులో పనులు ఎలా చేయాలి?

పార్కు గేటు దగ్గర అమ్మే కట్టెల మోపు కొని, అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీసి, ఊది ఊది కళ్లు మండించుకున్నవాళ్ల కోసం ముందుగా ఈ వ్యాసం. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో నేల మీద పడి ఉన్న చితుకులు ఏరుకోవడానికి కూడా అనుమతి లేదు. కొన్న కట్టెలేమో మోచేయంత లావు. వాటికి నేరుగా నిప్పు అంటుకోదు. ఆ లావు కట్టెను చేతి వేలంత పుల్లలుగా, ఆ పుల్లను చిత్రిక పొట్టంత పల్చగా చేసుకోవాలి. ఈ రెండు పనులూ చేసిపెట్టే ఒకే పనిముట్టు పెద్ద బూయీ కత్తి. ఇక్కడివాళ్లు 'బూయీ' అనే పలుకుతారు, వేరేచోట్ల 'బోవీ' అనీ వినిపిస్తుంది.

ఈ కత్తి పేరు వినగానే చాలామందికి కొట్లాటలే గుర్తొస్తాయి. కారణం జిమ్ బూయీ అనే పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్. 1827 సెప్టెంబరు 19న మిసిసిపీ నదిలోని ఇసుకతిన్నె మీద జరిగిన కొట్లాటతో ఆయనకూ, ఆయన కత్తికీ పేరొచ్చింది. 1836 మార్చి 6న శాన్ ఆంటోనియోలోని ఆలమో కోటలో ఆయన చనిపోయాడు. అయితే ఆయన అన్న రెజిన్ బూయీ 1838లో ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. ఆ మొదటి కత్తిని లూసియానాలోని అవొయెల్స్‌లో తానే వేట పనికని చేయించానని, పొడవు 9¼ అంగుళాలు, వెడల్పు 1½ అంగుళాలని, ఒకవైపే పదునని అందులో చెప్పాడు. అంటే పుట్టుకతో ఇది పనికత్తే. ఇప్పుడు మనం బూయీ అని పిలిచే ఆకారం, వెన్ను (పదును లేని పైఅంచు) మొన దగ్గర వంపుగా దిగేది, తర్వాత స్థిరపడింది. ఆ వంపును క్లిప్ పాయింట్ అంటారు. దానివల్ల పెద్ద కత్తికి కూడా చిన్న కత్తికుండే చురుకైన మొన వస్తుంది.

మొదటి మెట్టు: పనికొచ్చే కత్తిని ఎంచుకోవడం

గోడకు తగిలించే అలంకారపు బూయీలు బజారులో బోలెడు. జింక బొమ్మలు చెక్కి, తళతళలాడుతూ ఉంటాయి. వాటిలో చాలావాటికి పిడి లోపల సన్నటి ఇనుప ఊచ మాత్రమే ఉంటుంది. కట్టె మీద రెండు దెబ్బలు పడగానే అలుగు, అంటే కత్తిలో కోసే ఇనుప భాగం, పిడి నుంచి ఊడి గాల్లోకి పోతుంది. అందుకే ఫుల్ టాంగ్ కత్తి అడగండి. అలుగు ఇనుమే వెడల్పు తగ్గకుండా పిడి చివరిదాకా సాగి ఉంటుంది. పిడిని పక్క నుంచి చూస్తే రెండు చెక్కల మధ్య ఆ ఇనుము గీతలా కనిపిస్తుంది.

9 లేదా 10 అంగుళాల అలుగు, వెన్ను దగ్గర పావు అంగుళం మందం, 1095 లేదా 5160 రకం కార్బన్ స్టీలు. నా సలహా ఇంతే. 1095లో సుమారు 0.95 శాతం కార్బన్ ఉంటుంది, పదును బాగా నిలుస్తుంది. 5160లో అది 0.6 శాతం దగ్గర, కాబట్టి దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది. కట్టెలు ఎక్కువగా కొట్టేవాళ్లకు నేను 5160నే చెబుతాను. రెండూ తుప్పు పడతాయి, ఆ సంగతి చివర్లో చూద్దాం.

రెండో మెట్టు: కత్తి తెగాక ఎక్కడికి పోతుంది?

ప్రతి దెబ్బకు ముందూ ఈ ప్రశ్న వేసుకోండి. కట్టె తెగకపోతే ఏమవుతుందని కాదు, అనుకున్నదానికంటే సులువుగా తెగితే, లేదా గురి తప్పితే, ఈ అరకిలో ఇనుము ఎక్కడ ఆగుతుంది? జవాబు 'నా మోకాలు' అయితే చోటు మార్చండి. కింద వేసిన మొద్దు అయితే కొట్టండి.

నిలబడి కిందికి కొట్టకూడదు. మోకాళ్ల మీద కూర్చుని, ముందు మొద్దు పెట్టుకుని, మొద్దుకు అవతలి అంచు వైపు కొట్టాలి. తప్పిన దెబ్బ నేలకు తగులుతుంది గానీ తొడకు తగలదు. పని మొదలుపెట్టే ముందు ఒర వేసిన కత్తిని చాచిన చేత్తో చుట్టూ, తల మీదుగా కూడా తిప్పి చూడండి. ఆ గీతలోకి మనిషి గానీ, గుడారం తాడు గానీ, కొమ్మ గానీ రాకూడదు. పిల్లలు ఉన్నచోట నేను ఆ గీతను నేల మీద పుల్లతో నిజంగానే గీస్తాను. వాళ్లు దాన్ని బాగా గౌరవిస్తారు.

మా అమ్మమ్మ కత్తిపీటను గానీ కొడవలిని గానీ ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. కింద పెట్టి 'తీసుకో' అనేది. ఈ కత్తికీ అదే పద్ధతి. చేతులు మారేటప్పుడు మొద్దు మీద పెట్టండి, అవతలివాళ్లు తీసుకుంటారు.

మూడో మెట్టు: కట్టె చీల్చడం

ఈ కత్తి ఎక్కువగా అక్కరకొచ్చేది ఇక్కడే. వాన పడ్డాక మరీను, ఎందుకంటే బెరడు తడిసినా కట్టె లోపలి భాగం పొడిగానే ఉంటుంది. చీల్చి ఆ పొడి భాగాన్ని బయటికి తేవాలి.

కావలసినవి మూడు: నిటారుగా నిలబెట్టే కట్టె, కింద వేయడానికి వెడల్పాటి మొద్దు, చేతికి సరిపడే దుడ్డుకర్ర. ఇనుప సుత్తి వాడకండి, వెన్ను నొక్కుకుపోతుంది, పెచ్చులు లేస్తాయి.

కట్టె ఎంత లావుండాలన్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. అలుగు 9 అంగుళాలుంటే 9 అంగుళాల కట్టె చీల్చవచ్చనుకుంటారు. కత్తి కట్టెలో మునిగిపోయాక, బయట మిగిలిన మొన వైపు మీద కొట్టాలి కదా! బూయీలో ఆ మొన వైపే వెన్ను వంపుగా పల్చబడి ఉంటుంది. ఆ పల్చటి చోట కొడితే దుడ్డుకర్ర తునకలవుతుంది, మొన విరిగినా విరుగుతుంది. వంపు మొదలయ్యే చోటుకు ఇవతల, నిండు మందం ఉన్న వెన్ను ఓ రెండంగుళాలైనా బయటికి మిగలాలి. కాబట్టి 9 అంగుళాల బూయీకి 4 అంగుళాల కట్టె హాయి. అంతకంటే లావైతే నడిమధ్య పెట్టకుండా అంచు నుంచి చెక్కలు చెక్కలుగా తీసుకుంటూ రండి.

కట్టెను తిప్పి చూసి కొమ్మ ముడులు లేని దాన్ని ఎంచుకోండి. నిటారుగా నిలబెట్టి, పై ముఖం మీద అలుగును అడ్డంగా ఆనించి, ముందు మెల్లగా రెండు దెబ్బలు వేయండి. కత్తి దిగబడ్డాక బలంగా కొట్టవచ్చు. అలుగు మునిగే దాకా మధ్యలో, మునిగాక బయట మిగిలిన వెన్ను మీద. ఆ దెబ్బకు పిడి పైకి లేవాలని చూస్తుంది, దాన్ని కిందికి నొక్కి సమంగా ఉంచడమే పిడి పట్టుకున్న చేతి పని. పిడి మీద మాత్రం ఎప్పుడూ కొట్టకూడదు.

మొదటి ఏడాది నేను ముడి ఉన్న పోస్ట్ ఓక్ (ఒక రకం ఓక్ చెట్టు) కట్టెలో కత్తిని దించి, అది ఇరుక్కుపోతే పక్కలకు ఊపి ఊపి లాగాను. కత్తి వచ్చింది గానీ పదును మీద అర్ధచంద్రంలా ఒక తునక ఎగిరిపోయి ఉంది. దాన్ని నూరి సరిచేయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఇరుక్కుంటే చేయవలసింది వేరు. అప్పటికే పడ్డ చీలికలో ఒక చెక్క మేకు పెట్టి దిగ్గొట్టండి. చీలిక విచ్చుకుంటుంది, కత్తి దానంతటదే వదులవుతుంది.

నాలుగో మెట్టు: నిప్పంటుకునే పువ్వు

చీల్చిన వాటిలో వేలంత పుల్ల ఒకటి తీసుకోండి. దాన్ని పొరలు పొరలుగా చెక్కి, ఆ పొరలు తెగి పడకుండా పుల్లకే అతుక్కుని చుట్టలు చుట్టుకునేలా చేయాలి. వడ్రంగి చిత్రిక పడితే లేచే పొట్టు గుర్తు తెచ్చుకోండి.

పెద్ద కత్తితో సన్నపని చేయాలంటే కిటుకు ఒకటుంది. కత్తిని కదపకండి, పుల్లను కదపండి. పిడి ఉన్న చేతిని మోకాలి పక్కన, కాలికి బయటగా బిగించి పెట్టి, పదును మీకు అవతలికి తిరిగేలా ఉంచి, పుల్లను అలుగు కింద నుంచి మీ వైపు లాగండి. పిడికి దగ్గరి రెండంగుళాల అలుగే వాడాలి, అక్కడ చేతికి అదుపు ఎక్కువ. పొర తెగి పడిపోతుంటే కోణం ఎక్కువైనట్టు, అలుగును పడుకోబెట్టండి. ఇలాంటి పుల్లలు నాలుగు చేసుకుంటే ఒక్క అగ్గిపుల్ల చాలు. ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) అప్పుడు మంటల నిషేధం ఉందేమో ముందే చూసుకోండి.

గుడారం మేకు పోతే కూడా ఇదే కత్తి. జానెడు కర్రకు ఒక చివర మూడు వైపులా చెక్కి మొన తేవాలి. రెండో చివర అంచులు కాస్త చెక్కేస్తే దెబ్బలకు చీలదు. తాడు ఆగడానికి ఒక గాటు. ఐదు నిమిషాల పని.

ఐదో మెట్టు: పెరట్లో కొమ్మలు

బొటనవేలంత కొమ్మ ఒక్క దెబ్బకు పోతుంది. మణికట్టంత కొమ్మను అడ్డంగా కొడితే కత్తి ఎగిరిపడుతుంది. ఏటవాలుగా ఒక దెబ్బ, ఎదురు వాలుగా ఇంకో దెబ్బ వేసి గాటును వెడల్పు చేసుకుంటూ పోవాలి. అలుగులో ముందుభాగం, మొనకు ఓ రెండు మూడంగుళాలు ఇవతల, దెబ్బ బాగా పడే చోటు. అంతకంటే లావుంటే రంపం తీయండి. పడిపోయిన చెట్టుకు కొమ్మలు కొట్టేటప్పుడు మొదలు నుంచి చివరి వైపు సాగుతూ, మాను మీకూ కొమ్మకూ మధ్య ఉండేలా నిలబడాలి. పట్టు తప్పినా కత్తిని మాను ఆపుతుంది.

ఓక్ చెట్ల విషయంలో ఒక్క మాట, దయచేసి వినండి. టెక్సాస్‌లో ఓక్ విల్ట్ అనే శిలీంధ్ర తెగులు ఊళ్లకు ఊళ్ల చెట్లను ఎండబెట్టింది. పచ్చి గాయం మీద వాలే చిన్న పురుగులు దాన్ని మోసుకొస్తాయి. ఫిబ్రవరి నుంచి జూన్ చివరిదాకా ఓక్ కొమ్మ కొట్టకూడదని ఇక్కడి అటవీ శాఖ చెబుతుంది. ఏ నెలలో కొట్టినా ఆ గాయానికి వెంటనే రంగు పూయాలి. మనం సరదాగా కొట్టిన ఒక్క కొమ్మ వల్ల పక్కింటివాళ్ల వందేళ్ల చెట్టు పోవచ్చు.

అరటి పెంచుకునేవాళ్లకు, చలికి మాడిన ఆకులూ బోదెలూ తీయడానికి ఇది బాగా పనికొస్తుంది. అరటి జిగురు ఇనుమును నల్లగా మచ్చపెడుతుంది, పని కాగానే కడగాలి.

ఆరో మెట్టు: వంటింట్లో

పుచ్చకాయ, పనస, గుమ్మడి, సంక్రాంతికి తెచ్చిన చెరకు గడలు. వంటింట్లో దీని పని ఇక్కడికే. గుమ్మడికాయ కింద తడిగుడ్డ వేసి, అలుగును తొక్కలోకి దించి, వెన్ను మీద చపాతీ కర్రతో తట్టుతూ పోండి. బలమంతా పెట్టి నొక్కడం కంటే ఇది చాలా నయం. పనసకు ముందు అలుగుకు నూనె రాయాలి. ఉల్లిపాయలకు, క్యారెట్లకు దీన్ని తీయొద్దు. పావు అంగుళం మందం క్యారెట్‌ను కోయదు, పగలగొడుతుంది.

కొబ్బరికాయ కూడా వద్దంటాను. వెన్నుతో కొట్టినప్పుడు పదును పైకి, మీ ముఖం వైపు ఉంటుంది. చిప్ప గట్టిగా ఉండి కత్తి వెనక్కి ఎగిరితే? రెండో మెట్టులోని ప్రశ్నకు ఇక్కడ మంచి జవాబు లేదు. రాయి ఉంది, సుత్తి ఉంది.

చట్టం సంగతి

చాలా ఏళ్లు టెక్సాస్ చట్టంలో 'బూయీ కత్తి' పేరు నిషేధిత కత్తుల జాబితాలోనే ఉండేది. 2017 సెప్టెంబరు 1 నుంచి పెద్దవాళ్లు దీన్ని దగ్గర ఉంచుకోవచ్చు. అయితే 5½ అంగుళాలు దాటిన అలుగును బడులు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల వంటి చోట్లకు తీసుకెళ్లకూడదు. క్యాంపు నుంచి వస్తూ దారిలో గుడికి వెళ్తే నడుముకున్న ఒర తీసి కారు డిక్కీలో పెట్టండి. మిగతా రాష్ట్రాల్లో నిబంధనలు వేరు. ఇండియాలో ఆయుధ నిబంధనలు 9 అంగుళాల పొడవు, లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులను, ఇంటి పనికో వ్యవసాయానికో చేసినవి కాకపోతే, ఆయుధాల్లో లెక్కేస్తాయి. తమ్ముడికి కానుకగా పట్టుకెళ్లే ఆలోచన మానుకోండి.

చివరి మెట్టు: పదును, నూనె

1½ అంగుళాల వెడల్పు అలుగుకు వెన్నును సానరాయి నుంచి అర అంగుళం పైకి లేపితే దాదాపు 20 డిగ్రీలు వస్తుంది. కట్టెలు కొట్టే కత్తికి ఇంకొంచెం లేపినా మంచిదే. పదును అంచుకు స్కెచ్ పెన్నుతో రంగు వేసి రెండుసార్లు నూరి చూడండి. రంగు అంచు దాకా పోతే కోణం సరైనది. ఒకవైపు నూరాక అవతలివైపు గోటికి గరుకుగా తగిలే సన్నటి ఇనుప పొర లేస్తుంది, అప్పుడు రెండోవైపు తిప్పాలి. ముందు 400, తర్వాత 1000 నంబరు రాయి. చివర్లో పాత తోలు బెల్టు మీద, పదును వెనక్కి ఉండేలా, ఓ ఇరవైసార్లు లాగండి.

కడిగి తుడిచి, గార్డు (పిడికీ అలుగుకూ మధ్య ఉండే అడ్డుపట్టీ) కింది సందులో తడి లేకుండా చూసి, పల్చగా నూనె రాయండి. తోలు ఒరలో నెలల తరబడి ఉంచకూడదు, తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. ఒర పక్కన, కత్తిని పొడి గుడ్డలో విడిగా పెట్టాలి. దసరాకు ఆయుధపూజలో మేము దీన్నీ పెడతాం. తడి పసుపు, కుంకుమ రాత్రంతా ఉంటే ఇనుము మీద మచ్చ పడుతుంది కాబట్టి హారతి అయ్యాక తుడిచి, నూనె రాసి లోపల పెడతాం.