ప్రైవేటు మాట ఎత్తేలోపు నీటి సంస్థకు ప్లాన్ ఎలా రాయాలి?

నీటి సరఫరా సంస్థ నష్టాల్లో పడితే చాలు, ప్రైవేటుకు ఇచ్చేద్దామంటారు. వద్దని ధర్నా చేస్తే సరిపోదు, చేతిలో మన ప్లాన్ ఉండాలి. ఇలాంటివి రాసిన ఇంజినీరుగా నా సలహా: విజన్, మిషన్ పేజీలు (సంస్థ ఆశయాలు రాసుకునేవి) చివర్లో చూసుకోండి. లేకపోయినా కొంపలేం మునగవు.

ముందు పోతున్న నీళ్ల లెక్క తేల్చండి. సరఫరా చేసిన నీళ్లలోంచి బిల్లు వేసినవి తీసేయండి. మిగిలినదాంట్లో లీకేజీ ఎంత, దొంగ కనెక్షన్లూ పాడైన మీటర్లూ మింగేది ఎంత? ఒక పేటను ఎంచుకుని, ఒక్క లైను మాత్రం ఉంచి, చుట్టూ ఉన్న వాల్వులన్నీ మూయించండి. రాత్రి 2 నుంచి 4 మధ్య ఆ లైను మీటరు చూడండి. అందరూ నిద్రపోయే వేళ కూడా అది జోరుగా తిరుగుతోందంటే చాలావరకు లీకేజీయే. (రోజుకు కొన్ని గంటలే నీళ్లు వదిలే చోట ఈ పరీక్షను నమ్మొద్దు. రాత్రిపూట ఇళ్ల ట్యాంకులు నిండుతుంటాయి.)

ఇదంతా చిన్న పని అనుకోకండి. కంబోడియా రాజధాని నామ్ పెన్‌లో 1993లో 72 శాతం నీళ్లు లెక్కకు రాకుండా పోయేవి. అక్కడి నీటి సంస్థ పగ్గాలు ఎక్ సోన్ చాన్ పట్టాక మీటర్లు పెట్టించారు, పలుకుబడి ఉన్నవాళ్ల బకాయిలూ వసూలు చేశారు, బాగా పనిచేసిన సిబ్బందికి ప్రోత్సాహకాలిచ్చారు. 2010 నాటికి ఆ నష్టం 6 శాతం దగ్గరికి దిగింది. విదేశీ సాయం అందిన మాట నిజమే, కానీ నడిపింది ప్రభుత్వ సంస్థే.

తర్వాత లైన్‌మన్లను కూర్చోబెట్టుకోండి. తారు కింద పూడిపోయిన వాల్వు ఎక్కడుందో మ్యాపుల్లో ఉండదు, వాళ్లకు తెలుసు. వాల్వు మీద ఇనుప కడ్డీ ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి లీకు పట్టేవాళ్లున్నారు. కన్సల్టెంటు వాళ్లను ఒక్క మాటైనా అడగడు!

లక్ష్యాలు మూడు నాలుగు చాలు. ప్రతిదాని పక్కనా బాధ్యుడి హోదా, గడువు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రాయండి. చార్జీ పెంచక తప్పదనుకుంటే దాచకండి.

ప్రైవేటు ప్రతిపాదన వస్తే ఇవే వివరాలు (బాధ్యుడు, గడువు, డబ్బు) వాళ్లతోనూ రాయించి, లాభం వాటా, అప్పు వడ్డీ విడిగా అడగండి. పారిస్ 2010లో నీటి సరఫరాను మళ్లీ నగరం చేతిలోకి తీసుకుని, మరుసటి ఏడాదే నీటి ధర 8 శాతం తగ్గించింది.

మూడు నెలలకోసారి అంకెలు బయటపెట్టండి. తప్పిన లక్ష్యం పక్కన కారణం కూడా.